చప్పుడు లేని షట్టర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎలక్ట్రానిక్ షట్టర్ గురించే ఉన్నాయి. కెమెరాలో ఫిల్మ్ బదులు వెలుతురుని పట్టే చిప్ సెన్సర్, దాని మీద వెలుతురు ఎంతసేపు పడాలో చూసేది షట్టర్. ఎలక్ట్రానిక్ రకంలో కదిలే తెరలుండవు, ఆ పని సెన్సరే చేసుకుంటుంది. కొత్త కెమెరా కొన్నవాళ్లు మెనూలో ఆ మాట చూసి ఆగిపోతున్నారు. కొందరైతే ఒకసారి దెబ్బతిని, ఇక దాని జోలికే పోకూడదనుకుంటున్నారు. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి వాయిదా వేసి ఈసారి చోటంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నా కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలో మెకానికల్, ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్, ఎలక్ట్రానిక్ అని మూడు రకాల షట్టర్లున్నాయి. ఎలక్ట్రానిక్ పెడితే చప్పుడే లేదు. వేగం కూడా 1/32000 దాకా వెళ్తోంది. ఇంత బావుంటే మెకానికల్ ఎందుకు ఇచ్చారో అర్థం కాలేదు. కానీ మా అబ్బాయి బ్యాడ్మింటన్ ఆడుతుంటే 1/4000 పెట్టి తీశాను, రాకెట్ అరటిపండులా వంగి వచ్చింది. కెమెరాలో లోపమా?

జవాబు: లోపం ఏమీ లేదండి, నిశ్చింతగా ఉండండి. కెమెరా చెప్పిన పని చెప్పినట్టే చేసింది. 1/4000 అని పెట్టగానే ఫొటో మొత్తం సెకనులో 4000వ వంతులో పడిపోతుందని మనం అనుకుంటాం. అలా జరగదు. ఒక్కో వరుస పిక్సెళ్లకి అంతసేపు వెలుతురు అందుతుంది, అంతే. 24 మెగాపిక్సెళ్ల సెన్సర్‌లో అలాంటి వరుసలు 4000 ఉంటాయి. వాటన్నిటినీ ఒక్కసారిగా చదవడం మామూలు సెన్సర్ వల్ల కాదు. మనం పేజీ చదివినట్టు వరుస వెంట వరుస చదువుకుంటూ పోతుంది. చివరి వరుసకి వచ్చేసరికి మొదటి వరుస చూసిన దృశ్యం మారిపోయి ఉంటుంది.

అంటే మీ కెమెరాలో రెండు వేగాలున్నాయి. ఒకటి మీరు డయల్ తిప్పి పెట్టే షట్టర్ వేగం. రెండోది సెన్సర్ మొత్తాన్ని చదవడానికి పట్టే సమయం. ఈ రెండోదాన్ని మీరు మార్చలేరు, ఏ మెనూలోనూ అది కనిపించదు. చాలా మామూలు ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాల్లో అది సెకనులో 15వ వంతుకీ 30వ వంతుకీ మధ్య ఉంటుంది. మెగాపిక్సెళ్లు బాగా ఎక్కువున్న కొన్నిట్లో సెకనులో 10వ వంతు కూడా పడుతుంది. మీరు 1/4000 బదులు 1/32000 పెట్టినా ఆ సమయం ఒక్క పిసరు తగ్గదు.

మీ ఫొటోని పెద్దది చేసి చూడండి. ఎక్కడా బ్లర్ ఉండదు. రాకెట్ తీగలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ప్రతి ముక్కా స్పష్టంగానే పడింది. కాకపోతే ఒక ముక్క ఒక క్షణానిది, దాని కింది ముక్క తర్వాతి క్షణానిది. వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చేసరికి వంపు వచ్చింది.

ఎంత తేడా వస్తుందో లెక్క చూద్దాం. గంటకి 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సు సెకనుకి 20 మీటర్లు కదులుతుంది. సెన్సర్ చదవడానికి 1/20 సెకను పట్టిందనుకోండి, ఆ లోపల బస్సు ఒక మీటరు ముందుకెళ్లిపోతుంది. ఫ్రేమ్ నిండా బస్సే ఉంటే దాని పైకప్పుకీ చక్రాలకీ మధ్య మీటరు తేడా పడి, బస్సంతా ఒక పక్కకి ఒరిగినట్టు వస్తుంది. కెమెరాని బస్సుతో పాటు తిప్పుతూ తీస్తే బస్సు నిటారుగానే ఉంటుంది, వెనకున్న కరెంటు స్తంభాలు ఒరుగుతాయి. కెమెరాని నిలువుగా పట్టుకుంటే ఒరగడం ఉండదు కానీ బస్సు సాగినట్టో, నొక్కుకుపోయినట్టో వస్తుంది.

మెకానికల్ షట్టర్‌లో ఇది అసలు లేదా అంటే, ఉంది. సెన్సర్ ముందు రెండు తెరలుంటాయి. మొదటిది తెరుచుకుంటుంది, రెండోది వెనకే వచ్చి మూస్తుంది. వేగం పెంచేకొద్దీ మొదటిది పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయల్దేరుతుంది. అప్పుడు మధ్యలో సన్నని సందు ఒకటి సెన్సర్ మీదుగా జారుతుంది. అంటే అక్కడా ముక్కలు ముక్కలుగానే పడుతోంది. కానీ ఆ తెరలు సుమారు 1/250 సెకనులో దాటేస్తాయి. ఆ లెక్కన పైన చెప్పిన బస్సు కదిలేది 8 సెంటీమీటర్లే. అది కంటికి ఆనదు.

ఫిల్మ్ కాలంలోనూ ఈ వంపు ఉండేది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ జాక్ ఆన్రీ లార్తీగ్ 1910ల తొలినాళ్లలో తీసిన రేసు కారు ఫొటోలో చక్రం కోడిగుడ్డులా ముందుకి వాలి ఉంటుంది, రోడ్డు పక్కన నిలబడ్డ జనం వెనక్కి వాలి ఉంటారు. ఆయన కారుని వెంబడిస్తూ కెమెరా తిప్పుతున్నాడు, ఆ కెమెరాలో సందు నెమ్మదిగా జారేది. మీ అబ్బాయి రాకెట్‌కి జరిగింది కూడా అదే. ఆ ఫొటోని చెరిపేయకుండా దాచుకోండి, ఈ విషయాన్ని దానికంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

ప్రశ్న: మేడమ్, నా కెమెరా సెన్సర్ ఎంత వేగంగా చదువుతుందో తెలుసుకోవడం ఎలా? కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు.

జవాబు: ఇంట్లోనే పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఇది, ఏ కెమెరా చేతికొచ్చినా ముందు ఇదే చేస్తాను.

చవక రకం ఎల్‌ఈడీ బల్బు ఒకటి కావాలి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట అలాంటి బల్బు సెకనుకి 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటుంది. మన కంటికి తెలియదు, సెన్సర్‌కి తెలుస్తుంది. గదిలో మిగతా లైట్లన్నీ ఆపేసి, కిటికీ మూసి, ఆ బల్బు వెలుతురు పడే తెల్లగోడ ముందు నిలబడండి. ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి, వేగం 1/2000 చేసి, ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులోనూ ఫొటో వెలుగ్గా వచ్చేలా చేసే అంకె) పెంచి, ఫ్రేమ్ అంతా గోడే ఉండేలా ఒక ఫొటో తీయండి. గోడ మీద అడ్డంగా నల్లని చారలు కనిపిస్తాయి. వాటిని పై నుంచి కిందికి లెక్కపెట్టండి. ఒక్కో చార సెకనులో 100వ వంతు. 5 చారలుంటే 5/100, అంటే 1/20 సెకను. 7 ఉంటే సుమారు 1/14. చార సగమే కనిపిస్తే సగమే లెక్కేయండి. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్నచోట వందకి బదులు 120తో భాగించాలి. చారలు అసలు రాకపోతే మీ బల్బు మంచిది, ఇంకో బల్బు వెతకండి.

నా పాత కెమెరాలో ఆరున్నర వచ్చాయి. అంటే దగ్గర దగ్గర 1/15. ఆ అంకెని చిన్న కాగితం మీద రాసి బ్యాగ్ మూత లోపల అంటించుకున్నాను. ఏదైనా తీయబోయే ముందు ఒకటే ప్రశ్న వేసుకుంటాను: 1/15 సెకనులో ఇది ఎంత కదులుతుంది? కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషి అంతగా కదలడు, ఎలక్ట్రానిక్ పెడతాను. పరిగెత్తే పిల్లలు, రెక్కలు కొట్టే పక్షి, ఊపే బ్యాట్, తిరిగే ఫ్యాన్ అయితే మెకానికల్‌కి మారతాను.

ప్రశ్న: ఇన్ని ఇబ్బందులున్నప్పుడు ఎలక్ట్రానిక్ షట్టర్ మానేయడమే మేలు కదా?

జవాబు: మానేయొద్దు. దాని వల్ల నాకు జరిగిన మేలు చెప్తే మీకే అర్థమవుతుంది.

చాలా ఏళ్లు నాటకాలకి ఫొటోలు తీశాను. మెకానికల్ షట్టర్‌తో తీసే రోజుల్లో ఒక ప్రదర్శనలో తల్లి పాత్ర వేసినావిడ కొడుకు ఉత్తరం చదివి మౌనంగా కూర్చునే ఘట్టం ఒకటి ఉండేది. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. నేను మూడో వరుసలో ఉన్నాను. నొక్కాను. ఆ నిశ్శబ్దంలో టక్ మని పేలినట్టు వినపడింది. ఆవిడ కనురెప్ప ఒక్కసారి అదిరింది. చూపు నా వైపు తిరగబోయి, మళ్లీ ఉత్తరం మీదకి వెళ్లింది. ఎవరూ ఏమీ అనలేదు, ఆవిడ కూడా తర్వాత ఆ మాటే ఎత్తలేదు. కానీ ఆ క్షణాన్ని పాడుచేశానన్న బాధ నాకు చాలాకాలం పోలేదు. అప్పటి నుంచి చప్పట్లు కొట్టేటప్పుడో, సంగీతం పెరిగినప్పుడో మాత్రమే నొక్కేదాన్ని. మౌనంగా ఉన్న ముఖాలు నా ఫొటోల్లో లేకుండా పోయాయి.

ఎలక్ట్రానిక్ షట్టర్ వచ్చాక మొదటిసారి ఆ మౌనాన్ని తీయగలిగాను. పక్క కుర్చీలో ఉన్నాయనకి కూడా తెలియలేదు. నిద్రపోతున్న పసిపాప, పరీక్ష రాస్తున్న పిల్లలు, గూటిలో పొదుగుతున్న పక్షి, ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న మనిషి, వీళ్లందరి దగ్గరా చప్పుడు లేకపోవడం అనేది పెద్ద మర్యాద.

అదే నాటకంలో కత్తియుద్ధం కూడా ఉంది. ఆదమరిచి మెకానికల్‌కి మార్చలేదు. కర్రకత్తులన్నీ విల్లుల్లా వంగి వచ్చాయి. ఒక్క ఫొటో కూడా ఇవ్వడానికి పనికిరాలేదు. ఇప్పుడు షట్టర్ రకం మార్చడానికి ఒక బటన్ కేటాయించుకున్నాను. మెనూలోకి వెళ్లి వెతుక్కునేంత వ్యవధి ఎప్పుడూ ఉండదు, మీరూ అలా పెట్టుకోండి.

చప్పుడు లేకపోవడంతో పాటు ఇంకొన్ని లాభాలున్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్‌ఓ 100 పెట్టి, ఎఫ్1.4 (వెలుతురుని బాగా లోపలికి రానిచ్చే) లెన్స్‌ని పూర్తిగా తెరిచి బొమ్మ తీయాలంటే సుమారు 1/12800 వేగం కావాలి. మెకానికల్ తెరలు మంచి కెమెరాల్లో కూడా సాధారణంగా 1/8000 దగ్గర ఆగిపోతాయి, చాలావాటిలో 1/4000 వరకే. ఎలక్ట్రానిక్‌లో 1/16000 ఉంటుంది కాబట్టి లెన్స్ ముందు నల్ల ఫిల్టర్ తగిలించుకునే పని తప్పుతుంది. ట్రైపాడ్ మీద టెలిఫొటో పెట్టి చంద్రుణ్ణి తీసేటప్పుడు తెరల కుదుపు ఉండదు. కొన్ని కెమెరాల్లో బటన్ పూర్తిగా నొక్కకముందు గడిచిన అర సెకనో సెకనో ఫ్రేములు కూడా దాచిపెట్టే సదుపాయం ఉంటుంది. పిట్ట కొమ్మ వదిలి ఎగిరాక మీరు నొక్కినా, ఎగరబోయే క్షణం కార్డులో ఉంటుంది. ఒలింపస్ 2016లో ఓఎం-డీ ఈ-ఎం1 మార్క్ 2లో దీన్ని ప్రో క్యాప్చర్ అనే పేరుతో ఇచ్చింది. తెరలు కదిలే షట్టర్‌తో ఇది కుదిరే పని కాదు.

ఒక్క మాట. చప్పుడు లేదు కదా అని అవతలివాళ్లని అడగకుండా తీయకండి. ఆ టక్ అనే శబ్దం ‘నిన్ను తీస్తున్నారు’ అని ఎదుటి మనిషికి చెప్పేది. అది పోయాక, చెప్పాల్సిన బాధ్యత మన నోటి మీద పడింది.

ప్రశ్న: హాల్లో తీసిన ఫొటోలన్నిట్లో ముఖాల మీద అడ్డంగా చారలు వచ్చాయి. ఎడిటింగ్‌లో పోతాయా?

జవాబు: చాలా కష్టం. ఒక్కో చారకీ వెలుతురే కాదు, రంగు కూడా మారుతుంది కాబట్టి సరిచేయబోతే చర్మం మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. తీసేటప్పుడే చూసుకోవాలి.

కారణం పైన చెప్పిన బల్బు సంగతే. వెలుగు పెరిగి తగ్గుతుంటే, ఒక వరుస వెలుగు ఎక్కువున్నప్పుడు చదవబడింది, ఇంకో వరుస తక్కువున్నప్పుడు. మెకానికల్ షట్టర్ 10 మిల్లీసెకన్ల వెలుగు చక్రంలో 4 మిల్లీసెకన్లకే పని ముగిస్తుంది కాబట్టి చారలు పేరుకోవు. మహా అయితే ఒక ఫొటో కొంచెం చీకటిగా, పక్క ఫొటో కొంచెం పసుపుగా వస్తాయి.

ఎలక్ట్రానిక్ తప్పదనుకుంటే 50 హెర్ట్జ్ కరెంటుకి 1/100 లేదా 1/50 పెట్టండి. ప్రతి వరుసకీ పూర్తి చక్రాలు అందుతాయి, చారలు మాయమవుతాయి. 60 హెర్ట్జ్ అయితే 1/125 లేదా 1/60. స్టేజీ మీది రంగురంగుల ఎల్‌ఈడీలకీ, వెనకాల పెట్టే పెద్ద ఎల్‌ఈడీ తెరలకీ ఈ చిట్కా అన్నిసార్లూ పనిచేయదు. వాటిని మసక చేయడానికి సెకనుకి వందల సార్లు, ఒక్కోసారి వేల సార్లు ఆర్పి వెలిగిస్తారు. చారలు దువ్వెన పళ్లంత సన్నగా వస్తాయి. కొత్త కెమెరాలు కొన్నిట్లో షట్టర్ వేగాన్ని దశాంశాల్లో మార్చే ఏర్పాటు ఉంది. వ్యూఫైండర్‌లో చూస్తూ చారలు మాయమయ్యేదాకా తిప్పొచ్చు. అది లేకపోతే మెకానికల్‌కి వెళ్లిపోండి. ఏదైనా కార్యక్రమం మొదలయ్యే ముందు రెండు ఫొటోలు తీసి, వెనక స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకోండి. చిన్న స్క్రీన్ మీద పెద్దది చేయకుండా చూస్తే ఈ చారలు దొరకవు. అయిపోయాక కంప్యూటర్ మీద చూసి గుండె జారిపోవడం కంటే ముందే రెండు నిమిషాలు టెన్షన్ పడటం నయం.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ పెడితే ఫ్లాష్ వెలగట్లేదు.

జవాబు: చాలా కెమెరాలు కావాలనే ఆపేస్తాయి. ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతు, ఇంకా తక్కువ. ఆ క్షణంలో అన్ని వరుసలూ వెలుతురు తీసుకుంటూ ఉండాలి. వరుస వెంట వరుస తెరుచుకునే సెన్సర్‌లో అది నెమ్మది వేగాల్లోనే కుదురుతుంది. ఫ్లాష్ వాడేటప్పుడు మెకానికల్ పెట్టుకోండి. 2004లో వచ్చిన నికాన్ డీ70లో ఎలక్ట్రానిక్ పద్ధతితోనే 1/500 దాకా ఫ్లాష్ కలిసేది. దానిలో ఉన్నది సీసీడీ సెన్సర్, ఫ్రేమ్ మొత్తాన్ని ఒకేసారి మూయగలిగేది. తర్వాత అందరూ సీమాస్‌కి, అంటే ఇప్పటి కెమెరాల్లో ఉండే వరుస వెంట వరుస చదివే రకం సెన్సర్‌కి మారాక ఆ సౌకర్యం చాలా ఏళ్లు కనపడలేదు.

ప్రశ్న: మెకానికల్ షట్టర్‌కి ఇన్ని క్లిక్‌లని ఆయుష్షు ఉంటుందట. దాన్ని కాపాడుకోవడానికి ఎప్పుడూ ఎలక్ట్రానిక్ వాడితే ఫొటో నాణ్యత తగ్గుతుందా?

జవాబు: ఆయుష్షు నిజమే. కెమెరా స్థాయిని బట్టి 1 లక్ష నుంచి 5 లక్షల క్లిక్‌ల దాకా పరీక్షించి చెప్తారు. ఆ అంకె దాటగానే ఆగిపోతుందని కాదు, అంతకు ముందు ఆగదనీ కాదు. షట్టర్ పోతే మార్చుకోవచ్చు. పోయిన క్షణాన్ని మార్చుకోలేం కదా, అందుకే ఆయుష్షు కోసం ఒరిగిన ఫొటోలు తీసుకోవద్దంటాను. సెకనుకి 20 ఫ్రేముల చొప్పున బరస్ట్ (ఆపకుండా వరసగా ఫొటోలు) కొట్టేవాళ్లకి మాత్రం ఈ లెక్క ముఖ్యం. ఆ వేగంతో ఒక్క నిమిషంలోనే 1200 ఫొటోలు పడతాయి.

నాణ్యత విషయంలో మీ అనుమానం సబబే. కొన్ని కెమెరాలు సెన్సర్‌ని త్వరగా చదవడానికి 14 బిట్‌ల సమాచారాన్ని 12 బిట్‌లకి కుదిస్తాయి. పట్టపగలు తీసిన ఫొటోలో తేడా కనిపెట్టలేరు. చీకటి భాగాల్ని ఎడిటింగ్‌లో బాగా పైకి లాగితే మాత్రం గరుకుతనం ముందుగా బయటపడుతుంది. ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు, ట్రైపాడ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి, తమ కెమెరా ఈ పని చేస్తుందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

ప్రశ్న: మరి ఆ మధ్యలో ఉన్న ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ సంగతేంటి?

జవాబు: నా కెమెరాలో రోజూ ఉండేది అదే. మొదటి తెర పని సెన్సర్ చేస్తుంది, మూసే పని మాత్రం నిజమైన తెర చేస్తుంది. మూసే తెర వేగంగానే దాటుతుంది కాబట్టి ఒరగడం ఉండదు, ఫ్లాష్ వెలుగుతుంది. మొదటి తెర కొట్టే దెబ్బ లేకపోవడంతో 1/60 నుంచి 1/200 మధ్య వచ్చే సన్నని కుదుపు కూడా పోతుంది. ఇబ్బంది ఒక్కచోటే వస్తుంది. ఎఫ్1.4 లాంటి లెన్స్‌ని పూర్తిగా తెరిచి 1/2000, ఆ పై వేగాల్లో తీస్తే వెనక మసకగా కనిపించే గుండ్రటి దీపాలు అంచున కోసినట్టు వస్తాయి. సెన్సర్ తెర ఉన్నది సెన్సర్ మీదే, రెండో తెర ఉన్నది దానికి కాస్త ముందు. ఆ ఎడం వల్ల కాంతి అంచు తెగుతుంది. అలాంటప్పుడు పూర్తి మెకానికల్‌కి మారండి.

ప్రశ్న: ఇవన్నీ లేని గ్లోబల్ షట్టర్ వచ్చేసిందంటున్నారు. అందరికీ అందేదాకా కొనకుండా ఆగనా?

జవాబు: వచ్చింది. సోనీ 2023 నవంబరులో ప్రకటించిన ఆల్ఫా 9 మూడో తరం కెమెరా అన్ని పిక్సెళ్లనీ ఒకే క్షణంలో పట్టుకుంటుంది. 1/80000 వేగం, సెకనుకి 120 ఫ్రేములు, ఏ వేగంలోనైనా ఫ్లాష్. రాకెట్ వంగదు. దానికీ ఒక మూల్యం ఉంది. ఐఎస్‌ఓ 250 దగ్గర మొదలవుతుంది. మామూలు కెమెరాలు 100 దగ్గర మొదలయ్యేచోట ఇది ఒక మెట్టు పైన మొదలవుతుంది కాబట్టి నీడల్లో శుభ్రత కొంచెం తక్కువ.

దానికంటే ముందే ఇంకో దారి పడింది. స్టాక్డ్ సెన్సర్లంటారు, పిక్సెళ్ల వెనకే మెమరీని అంటించి చదివే వేగం పెంచారు. 2017లో వచ్చిన మొదటి ఆల్ఫా 9 సుమారు 1/150 సెకనులో చదివేది. 2021లో వచ్చిన నికాన్ జెడ్9 సెన్సర్ 1/250 కంటే కాస్త వేగమే, మెకానికల్ తెరలంత అన్నమాట. అందుకే నికాన్ ధైర్యం చేసి అందులో మెకానికల్ షట్టర్ పూర్తిగా తీసేసింది.

ఆటలో, ఎగిరే పక్షులో మీ ప్రధానమైన పని అయితే స్టాక్డ్ సెన్సర్ ఉన్నదాని కోసం ఆగండి, ఆ ఓపికకి ఫలితం ఉంటుంది. కుటుంబం, ప్రయాణాలు, నాటకాలు, మనుషుల ముఖాలు తీసేవాళ్లయితే ఆగక్కర్లేదు. మూడు షట్టర్లూ ఉన్న మామూలు కెమెరా చాలు. వచ్చే నెల ఉత్తరం రాసేవాళ్లు కెమెరా మోడల్‌తో పాటు తెల్లగోడ మీద ఎన్ని చారలొచ్చాయో కూడా రాయండి. ఆ అంకె చూశాకే మీకేది పెట్టుకోవాలో చెప్తాను.